ఆక్టోపస్ తల్లి పేజీ

తాను చనిపోతే పాప ఏమైపోతుందోనన్నదే ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం.

తుమ్మొచ్చినా భయమే, కడుపులో కాస్త మెలిపెట్టినా భయమే. మెట్లు దిగుతుంటే కాలు బెణికినప్పుడు కూడా నొప్పి కంటే ముందు పాపే గుర్తొచ్చేది. "నీకు జలుబు చేసిన ప్రతిసారీ నేను సంతాపసభకు కుర్చీలు మాట్లాడాలా?" అని భర్త ఎగతాళి చేసేవాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొద్దస్తమానం తాళ్ళకు వేలాడే ఇనప గదుల కింద తల పెట్టి పనిచేసే మనిషి, చావు గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించకపోవడం ఆమెకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి.

తాను లేకపోతే పాపను ఎవరు చూస్తారా అని మనసులో ఒక్కొక్కరినీ నిలబెట్టి చూసుకునేది. తోడికోడలికి సొంత పిల్లల పేర్లే తడబడతాయి; ఒకణ్ణి పిలవాలంటే ఇంట్లో అందరి పేర్లూ చుట్టి రావాలి. ఆడపడుచుకు పిల్లలంటే ప్రాణమే, కాకపోతే వాళ్ళు నిద్రపోతున్నప్పుడే. ఇక భర్త సంగతి చెప్పనే అక్కర్లేదు. జడ వేయమంటే కరెంటు వైర్లు మెలేసినట్టు మెలేసి, చివర చుట్టడానికి నల్ల టేపు వెతుక్కునే రకం. ఇలా అందరినీ పక్కన పెట్టేశాక మిగిలేది తానే. కాబట్టి తాను చావకూడదు. ఆలోచన ప్రతిసారీ అక్కడికే వచ్చి ఆగేది.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మ పోయింది. వంటింట్లో ఒక మనిషి కావలసి వచ్చి బడి మానిపించారు. బడి పోయినందుకు ఏడ్చింది గానీ, అంతకంటే ఎక్కువ కోత పెట్టింది ఇంట్లో వాళ్ళ మౌనం. ఆ తర్వాత ఎవరూ అమ్మ మాట ఎత్తలేదు. ఆమె ఎత్తితే అందరి ముఖాలూ మాడిపోయేవి. రానురాను ఆమే అడగడం మానేసింది.

ఇప్పుడు ఆమె పని పిల్లల లైబ్రరీలో. పైన అలమరాలూ బల్లలూ ఉండే హాల్లో కాదు, మెట్లు దిగితే వచ్చే రిపేరు గదిలో. పంటిగాట్లు పడ్డవి, పాలల్లో తడిసి ఉబ్బినవి, అట్ట ఒక దారి పేజీలు ఒక దారి అయిపోయినవి, ఏ పిల్లో ముద్దొచ్చి ఏనుగు తొండం చించి జేబులో వేసుకుపోయినవి, అన్నీ ఆ గదికే చేరతాయి. అక్కడ ఆమెకు పని నేర్పినవాడు బైండరు. ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. ఆ గదిలో ఆయనవి రెండే కట్టుబాట్లు.

మొదటిది, మైదాతో కాచిన జిగురు తప్ప ఇంకోటి ముట్టుకోకూడదు. రేపెవరికైనా విప్పాల్సి వస్తే తడి తగలగానే ఊడివచ్చేలా ఉండాలి. విప్పడానికి వీల్లేకుండా అతికించేవాడు బైండరు కాదు, గోడ కట్టే మేస్త్రి అనేవాడు. రెండోది, బాగుచేసిన ఏ పుస్తకమైనా అలమరా ఎక్కేముందు పిల్లలున్న ఇంట్లో ఒక పూట ఉండి రావాలి. పెద్దవాళ్ళు పుస్తకాన్ని మర్యాదగా తెరుస్తారు, దాంతో కుట్టు బలం తెలియదు. పిల్లల చేతుల్లో పడి కూడా ఊడకపోతే అప్పుడు పాసు. ఆ గదిలో చిన్నపిల్ల ఉన్నది ఆమెకొక్కతికే కాబట్టి, ఆ లైబ్రరీకి పరీక్షాధికారి ఐదేళ్ళ పాప.

పరీక్ష పేరుతో తల్లీకూతుళ్ళు చదివిన పుస్తకాలకు అంతులేదు. వాటిలో ఇద్దరికీ ఎక్కువ ఇష్టమైనవి అట్ట మీద పచ్చ చుక్క ఉన్నవి. జంతువుల గురించిన నిజం కథలకే లైబ్రేరియన్ మేడం ఆ చుక్క అంటించేది. నక్క ద్రాక్షపళ్ళ గురించి మాట్లాడే కథలకు ఆ చుక్క ఉండదు. నక్క నిజంగా ఏం తింటుందో, మంచు కింద కదిలే ఎలుకను చెవులతోనే ఎలా పట్టేస్తుందో చెప్పే పుస్తకానికి ఉంటుంది.

ఆమె వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, మెల్లగా చదివేది. మెల్లగా చదవడం వల్ల ఒక లాభం కలిగింది. గబగబా చదివేవాళ్ళు దాటిపోయే చోట ఆమె ఆగిపోయేది. కోడిపెట్ట కంటే చిన్న పిట్ట ఒకటి మహాసముద్రం మీద ఎక్కడా దిగకుండా, తిండీ నీళ్ళూ లేకుండా, పగళ్ళూ రాత్రులూ ఎగురుతూనే పోతుందట. బరువు తగ్గించుకోవడానికి బయల్దేరే ముందు తన పేగుల్ని తానే కుదించుకుంటుందట. ఆ వాక్యం దగ్గర ఆమె వేలు కదల్లేదు. పాప కూడా కదల్లేదు. ఇంకో పుస్తకంలో ఒక కప్ప. చలికాలం రాగానే రాయిలా గడ్డకట్టుకుపోతుంది, గుండె ఆగిపోతుంది, ఊపిరి ఉండదు. ఎండలు రాగానే లోపలి మంచు కరిగి, గుండె మళ్ళీ మొదలై, ఏమీ జరగనట్టు గెంతుతూ వెళ్ళిపోతుంది. పాప ఆ కప్ప బొమ్మ మీద చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఆమెకు నవ్వు రాలేదు. చూసేవాళ్ళు లేకపోతే తానూ ఆనించి ఉండేది.

ఒక సాయంత్రం ఆక్టోపస్ పుస్తకం ఇంటికి వచ్చింది. వెన్ను ఊడిపోయి వస్తే ఆమే కుట్టింది. పాత పుస్తకం, లైబ్రరీలో ఉన్నది ఆ ఒక్క కాపీ. మందపాటి గరుకు కాగితం, పేజీలకు నంబర్లు లేవు. ఎనిమిది చేతులు, మూడు గుండెలు, నీలం రంగు రక్తం అని చదివేసరికి పాప తన ఛాతీ మీద మూడు చోట్ల చెయ్యి పెట్టి చూసుకుంది. ఆక్టోపస్ తల్లి సముద్రం అడుగున రాతి గుహ వెతుక్కుంటుంది. బియ్యపు గింజంత గుడ్లు వేలకు వేలు పెడుతుంది. వాటిని దండలు గుచ్చినట్టు గుచ్చి గుహ కప్పుకు వేలాడదీస్తుంది. పాచి పట్టకుండా చేతులతో తుడుస్తూ, గాలి ఆడేలా వాటి మీదికి నీళ్ళు ఊదుతూ, నెలల తరబడి అక్కడే ఉంటుంది. పక్క నుంచి పీత వెళ్తున్నా పట్టుకోదు. తిండి మానేస్తుంది.

"అస్సలు తినదా? ఒక్క ముద్ద కూడా?" అంది పాప. సొంతంగా తినే ప్రతి ముద్దకూ బేరమాడే పిల్లకు అది నమ్మశక్యం కాని సంగతి.

అస్సలు తినదంది ఆమె. ఆ మాట అంటూనే, పాప ఇంకా గుడ్ల దండల్ని చూస్తుండగా, పేజీ అంచు పైకెత్తి తర్వాత ఏముందో తొంగిచూసింది. చూసి మూసేసింది. కథ అయిపోయిందని చెప్పింది. పాప ఒప్పుకోలేదు, ఇంకా కాగితాలు ఉన్నాయంది. అవి ఖాళీవని చెప్పి పుస్తకం పైన పెట్టేసింది.

మర్నాడు రిపేరు గదిలో, బైండరు టీకి వెళ్ళిన సమయంలో, ఆ రెండు పేజీల అంచుల వెంబడి సన్నగా జిగురు రాసింది. మధ్యలో ఉబ్బకుండా ఒక్క చుక్క అద్దింది. రెండు పేజీలనూ ముఖాముఖి అతికించి బరువు కింద పెట్టింది. ఆరిన తర్వాత తీస్తే ఆమెకే ఆశ్చర్యం వేసింది, ఏది అతుకో ఏది కాదో కనిపించలేదు. గుడ్ల బొమ్మ తర్వాత నేరుగా సముద్రంలో ఈదే పిల్లల బొమ్మ వస్తోంది. ఏ తల్లీ ఎక్కడికీ పోలేదు. లోకంలో ఉన్న ఒక్క చెడ్డ వార్తను తన చేత్తో మూసేసినట్టు గుండె తేలికపడింది. పుస్తకం పైకి పంపేసింది.

శనివారాలు హాల్లో కథల గంట ఉండేది. మేడం ఒక పచ్చ చుక్క పుస్తకం చదువుతుంది. కథ పూర్తవగానే పిల్లలంతా ఒక్క గొంతుతో "నిజంగానా?" అని అడగాలి. చదివినవాళ్ళు "నిజంగానే" అని చెప్పాలి. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో గానీ ఆ ఒక్క మాట లేకుండా పిల్లలు చాప మీద నుంచి లేచేవారు కాదు. ఆ శనివారం మేడం చేతిలో ఆక్టోపస్ పుస్తకం చూసి, వెనక గోడకు ఆనుకుని నిల్చున్న ఆమె పాప ఎక్కడుందోనని చాప మీద వెతికింది. పాప ముందు వరసలో కూర్చుంది.

మేడం గుడ్ల దాకా చదివింది. పేజీ తిప్పింది. పిల్ల ఆక్టోపస్‌లు ఈదుతున్నాయి.

"ఒక పేజీ పోయింది" అంది ఒక గొంతు.

అన్నది జేబుల పిల్ల. అసలు పేరు ఏదైనా హాల్లో అందరూ అలాగే పిలిచేవారు. ఏడేళ్ళుంటాయి. ఏ గౌను వేసుకొచ్చినా దానికి ముందు రెండు పెద్ద జేబులు, వేరే రంగు గుడ్డతో, వంకర కుట్లతో. కుట్టేది వాళ్ళ నాన్న. ఆయన ఇళ్ళకు రంగులేసే మేస్త్రి. మోచేతుల దాకా సున్నం మరకలతో తలుపు దగ్గర కూర్చుని, కూతురు కథ వింటుంటే కునికిపాట్లు పడేవాడు.

ఏ పేజీ అని మేడం అడిగింది.

"వాళ్ళమ్మ చనిపోయే పేజీ. నేను వచ్చినప్పుడల్లా ముందు అదే చూస్తా" అంది జేబుల పిల్ల. ఏడుపు గొంతుతో కాదు. చెప్పులు ఎక్కడ విడిచానో చెప్పినంత మామూలుగా చెప్పింది. "మా అమ్మ పోయాక నాన్న ఆ పేజీ చదివాడు. చదవడం రాక మూడు సార్లు తప్పు చదివాడు."

తలుపు దగ్గర మేస్త్రికి కునుకు వదిలిపోయింది. మేడం చిరిగిన ఆనవాలు కోసం వెతికింది, కనపడలేదు. జేబుల పిల్ల లేచి వచ్చి పేజీని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఇది లావుగా ఉందంది. మేడం పుస్తకాన్ని కిటికీకి ఎదురుగా ఎత్తింది. వెలుతురు పడగానే కాగితం లోపల, నీడలా, ఎనిమిది చేతులు కనిపించాయి. పిల్లల్లో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

మేడం కళ్ళు వెనక గోడ వైపు తిరిగాయి. ఆమె ఇంక దాచలేదు. తానే అతికించానని చెప్పింది. మా పాప చూడకూడదని, అంది. ఆ మాట బయటికి వచ్చాక ఎంత చిన్నగా ఉందో ఆమెకే తెలిసింది.

మేడం అరవలేదు. అరిస్తేనే బాగుండేది. "మనం పచ్చ చుక్క అంటించాం కదమ్మా. ఒక్క పేజీ దాస్తే పుస్తకం మొత్తం అబద్ధం చెప్పినట్టే. విప్పగలవా?" అంది.

విప్పగలనో లేదో చూస్తేగాని తెలియదంది ఆమె. అంచులు వచ్చేస్తాయి. మధ్యలో అద్దిన ఆ ఒక్క చుక్క మాటే అనుమానం. అది బొమ్మ మీద పడింది. రంగుతో సహా ఊడి వస్తే, ఆ పిల్లకు ఆ పేజీ ఇక ఉండదు.

జేబుల పిల్ల తాను చూస్తానంది. ఇంకేముంది, పిల్లలంతా మెట్ల మీదికి చేరారు. రిపేరు గదిలో చోటు చాలక ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించి నిలబడ్డారు. ఆమె భర్తకు ఫోన్ చేసి పాపను తీసుకెళ్ళమందామనుకుంది. ఈలోగా పాప బల్ల కిందుగా దూరి వచ్చి, సరిగ్గా పుస్తకం ఎదురుగా ముక్కు పెట్టింది. చెయ్యి పట్టి లాగితే బల్ల కాలు పట్టుకుంది.

బైండరు కెటిల్ పెట్టాడు. పేజీని వేలితో తడిమి చూసి, "చెయ్యి మంచిదే అమ్మాయ్, అదే తంటా. చెత్తగా అతికించుంటే ఈపాటికి ఊడొచ్చేది" అన్నాడు. ఆయన దగ్గర ఏళ్ళ తరబడి పనిచేస్తే వచ్చిన మొదటి మెప్పు అది.

ఆమె శుభ్రమైన గుడ్డ తడిపి, పిండి, అంచుల మీద పరిచింది. ఆగింది. ఈ పనిలో సగం ఆగడమే. కాగితం తడిని తాగాలి, జిగురు తానెవరో గుర్తు తెచ్చుకోవాలి. పల్చటి చెక్క బద్దను మూలలో పెట్టి కదిపితే చిన్నగా చప్పుడైంది. మూల లేచింది. ఒక చేతి చివర కనిపించింది, ఇంకా చుట్టుకునే ఉన్న చేతి కొస. మళ్ళీ తడి, మళ్ళీ ఆగడం. పై అంచు వదిలింది. అక్కడ చుక్కలు చుక్కలుగా ఏవో, బియ్యపు గింజలు గాల్లోకి విసిరినట్టు. అంతమంది పిల్లలున్న గదిలో కెటిల్ చప్పుడు వినపడడం ఆమె ఎన్నడూ ఎరగదు.

మధ్యకు వచ్చింది. బద్ద పక్కన పెట్టి, కెటిల్ మూతి దగ్గర గుడ్డ వేడిచేసి, ఆ చుక్క ఉన్న చోట వీపు వైపు నుంచి ఒత్తింది. ఒత్తింది, వదిలింది, ఒత్తింది. పేజీ తనంతట తాను, నిద్రలో పక్కకు తిరిగినట్టు, విడిపోయింది.

రెండు పేజీల నిండా ఒకే బొమ్మ. కింద గుహ వాకిట్లో తల్లి. ముదురు ఎరుపు రంగంతా పోయి, ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా బూడిద రంగులో ఉంది. చిక్కిపోయింది. తల్లి నోటి నుంచి కాదు, పక్కనున్న గొట్టం నుంచి చివరి ఊపిరి నీళ్ళలోకి వస్తోంది, ఆ ఊపిరి ఊతంతో పైకి, ఇంకా పైకి, పేజీ అంచులు దాటిపోయేలా, వేలకు వేల పిల్లలు. ఒక్కొక్కటి బియ్యపు గింజంత. ఒక్కొక్కదానికి ఎనిమిది చేతులు. ఒక్కొక్కదాని లోపల, దీపపు వత్తి కొసలా, ఎర్రటి చుక్క.

ఆమె ఆ రోజు తొంగిచూసినప్పుడు కింద ఉన్నదే చూసింది. పైన ఉన్నది చూడనే లేదు.

తల్లి చేతి మీద రంగు లేచి గోరంత తెల్ల మచ్చ పడింది. జేబుల పిల్ల దాని మీద వేలు పెట్టి కాసేపు చూసి, ఫర్వాలేదులే అంది. తర్వాత బొమ్మ కిందనున్న మాటల్ని చూడకుండానే అప్పజెప్పింది. తల్లి చివరిసారి నీళ్ళు ఊదుతుంది. పిల్లలు వెలుతురు వైపు వెళ్తాయి. తల్లి పని పూర్తయింది.

పాప తలెత్తింది. అడగాల్సింది మేడాన్ని, కథ చదివింది మేడం. కానీ వాళ్ళమ్మ ముఖంలోకి చూసింది.

"కప్పలాగా మళ్ళీ లేస్తుందా అమ్మా?"

ఆ ప్రశ్నలోనే తప్పించుకునే దారి ఉంది. లేస్తుందంటే సరిపోయేది. ఎండలొస్తే లేస్తుందిలే అంటే ఆ పూటకు గడిచిపోయేది. గదిలో ఉన్నవాళ్ళంతా ఆమె నోటి వైపే చూస్తున్నారు, మేస్త్రి కూడా మెట్ల మీద నుంచి వంగి చూస్తున్నాడు.

"లేదమ్మా. కప్ప లేస్తుంది. ఇది లేవదు."

"నిజంగానా?"

"నిజంగానే."

పాప మళ్ళీ బొమ్మ వైపు తిరిగింది. ఏడుస్తుందేమోనని ఆమె చేతులు సిద్ధంగా పెట్టుకుంది. పాప ఏడవలేదు. పైకి వెళ్తున్న చుక్కల్ని వేలితో ఒక్కొక్కటే తాకుతూ, నోరు తెరిచి, చాలాసేపు చూసింది. "ఇన్ని పిల్లలా" అంది, తనలో తాను. కాసేపటికి అనుమానం వచ్చింది. నువ్వూ పోతావా అని అడిగింది. ఎప్పటికో ఒకప్పుడు పోతాను, ఇప్పట్లో పోకూడదనే చూస్తున్నాను అంది ఆమె. మరి నాకు జడ ఎవరు వేస్తారంది పాప.

దానికి జవాబు జేబుల పిల్ల చెప్పింది. "మీ నాన్న వేస్తాడు. మొదట్లో ఘోరంగా ఉంటుంది. తర్వాత నీకే అలవాటైపోతుంది."

పిల్లలు పకపకా నవ్వారు. అందరికంటే గట్టిగా మెట్ల మీద నుంచి మేస్త్రి నవ్వాడు. నవ్వి, సున్నం అంటిన ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికి నడుస్తూ పాప, మీ అమ్మ కూడా అన్నం తినకుండా కూర్చుందా అని అడిగింది. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళమ్మ పాడుతూ అంట్లు తోమేదని, కోపం వస్తే చీపురుతో మాట్లాడేదని, తల దువ్వేటప్పుడు చిక్కు తగిలితే తనకే నొప్పి పుట్టినట్టు ఇస్స్ అనేదని. వీధి మలుపు తిరిగినా, ఇంటి తలుపు తీసినా మాట ఆగలేదు. ఇన్నేళ్ళూ ఇంత సంగతి తనలోనే ఉందని ఆమెకు తెలియదు. భర్త వచ్చి గుమ్మంలో నిలబడి, ఎవరి గురించి అని అడిగి, చెప్పాక చెప్పులు విప్పడం మర్చిపోయి అక్కడే కూర్చుని విన్నాడు. పెళ్ళయి ఇన్నాళ్ళయినా అత్తగారి గురించి ఆయన విన్నది అదే మొదలు.

భయం పోలేదు. తుమ్మొస్తే ఇప్పటికీ ఆమె గుండె ఒకసారి ఆగుతుంది. కాకపోతే ఆ భయం ఇప్పుడు ఒక్క పాప దగ్గరే ఆగడం లేదు, ఇంకో పిల్ల దాకా వెళ్తోంది.

ఎందుకంటే ఆ తర్వాత కొన్ని శనివారాలు వచ్చి, ఉన్నట్టుండి మేస్త్రీ, కూతురూ రావడం మానేశారు. రంగులు వేసేవాళ్ళకు పని ఎక్కడుంటే ఇల్లు అక్కడే కదా, ఊరి ఆ చివరకు వెళ్ళుంటారంటాడు బైండరు. మేడం దగ్గరున్న ఫోన్ నంబరు కలవడం లేదు. ఆమె శనివారం పూట కింద పని చేసుకుంటూనే మెట్ల మీద అడుగుల చప్పుడు వింటోంది. ఆ మేస్త్రికి ఒంట్లో బాగుందో లేదో, పనిలోకి వెళ్ళినప్పుడు ఆ పిల్ల ఎవరి దగ్గర ఉంటోందో.

మీ ఇంటికో, మీ పక్కింటికో ఈమధ్య రంగులు వేయడానికి మేస్త్రి ఎవరైనా వచ్చి, వెంట ఏడేళ్ళ ఆడపిల్ల కనబడితే, దయచేసి ఒక్క నిమిషం ఆగి ఆ పిల్ల ఎలా ఉందో కనుక్కోండి.